నొక్కని చెయ్యి

కిందటి వారం చెప్పిన భాగంలో నేనొక మాట జారాను. పిల్లల వార్డు వరండాలో ఆ కుట్టుపనమ్మాయి నా చెయ్యి పట్టుకుని, "నిజంగానే మా పాపకి, మా పిడికిలికి, కండ తరిగిపోతోందా అక్కా?" అని అడిగింది. "మిషన్ అబద్ధం చెప్పదమ్మా" అన్నాను. ఇరవై ఆరేళ్ళుగా స్కానింగ్ చేస్తున్నదాన్ని, ఆ మాట ఎన్ని వందలమందితో అన్నానో లెక్కలేదు. ఆమె కళ్ళు తుడుచుకుని కాగితం మీద సంతకం పెట్టింది. రెండున్నర నెలల కూతురి తొడ కోసి, కండ ముక్క తీసి పరీక్షకు పంపడానికి ఒప్పుకుంటూ పెట్టిన సంతకం అది. ఆమె అటు వెళ్ళిందో లేదో మా కోడలు ఇటు వచ్చి, "అత్తయ్యా, మీతో ఒక మాట చెప్పాలి. ఇంట్లో కాదు, ఇక్కడే, ఇప్పుడే" అంది. అక్కడ ఆగాం.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం ఇంకో నాలుగు ముక్కలు. మా ఆస్పత్రిలో నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి వారం వారం తొడ కండ మందం కొలుస్తాం. తూకం వేస్తే పిల్ల పెరిగిందని తెలుస్తుంది గానీ, పెరిగింది కండో కొవ్వో తూకానికి తెలియదు. అందుకని తుంటి ఎముకకీ మోకాటి చిప్పకీ సరిగ్గా మధ్యన పెన్నుతో చుక్క పెట్టి, జెల్ పూసి, దాని మీద ప్రోబ్ అనే స్కానింగ్ పిడి పెట్టి, తెర మీద చూసి కొలుస్తాం. పైన చర్మం, దాని కింద కొవ్వు, ఆ కింద కండ, అడుగున తెల్లగా ఎముక. కండ ఎన్ని మిల్లీమీటర్లుందో చీటీ మీద రాసి మడిచి, మూతకి చీలిక పెట్టిన అట్టపెట్టెలో వేస్తాం. ఒక్కరి కొలత చాలదని ఇద్దరం విడివిడిగా కొలుస్తాం. ఒకరి అంకె ఒకరు చూడకూడదు. రెండు వారాలకోసారి డాక్టరు గారు పెట్టె తెరిచి రెండూ కలిశాయో లేదో చూస్తారు. ఆ ఇద్దరిలో ఒకదాన్ని నేను, రెండోది మా కోడలు. "ఈ అత్తాకోడళ్ళ మాట కలిసిందంటే ఇంక తిరుగులేదు" అని నర్సులు నవ్వుకుంటూ ఉంటారు.

పిడికిలి అని వార్డంతా పిలిచే ఆ పాప విషయంలో ఆరు వారాలూ మా మాట కలిసింది. పాప బరువు పెరుగుతోంది, కండ తగ్గుతోంది. కాళ్ళు ఆడించడం కూడా తక్కువే. కండలకి సంబంధించిన జబ్బేమోనని డాక్టరు గారికి అనుమానం వచ్చింది. మత్తిచ్చి ముక్క తీయాలన్నారు. పాప ఊపిరితిత్తులు ఇంకా గట్టిపడలేదు, మత్తు తట్టుకుంటుందో లేదో ఎవరూ చెప్పలేరు. ఆ సంగతి కూడా ఆ తల్లికి చెప్పే సంతకం తీసుకున్నారు.

కోడలు స్కానింగ్ గది తలుపు మూసి గడియ పెట్టింది. నేను గోడ గడియారం వైపు చూశాను.

"పదింబావు. పదకొండింటికి పాపని తీసుకెళ్ళిపోతారు. ఏదో త్వరగా చెప్పు."

"అందుకే ఇప్పుడు చెబుతున్నానత్తయ్యా. పెట్టెలో వేసిన నా చీటీల్లో ఉన్న అంకెలు నావి కావు."

"నీవి కాకపోతే ఎవరివి?"

"మీవి."

నాకు అర్థం కాలేదు. అర్థం కానప్పుడు నాకు ముందు కోపం వస్తుంది, ఆ తర్వాతే మిగతావన్నీ. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. అయినా మా కోడలు కదలకుండా నిలబడి, జేబులోంచి చిన్న డైరీ తీసి చివరి పేజీ తెరిచి నా ముందు పెట్టింది. రెండు వరసల్లో అంకెలు. ఒక వరస నాకు కంఠతా వచ్చు: తొమ్మిది పాయింట్ నాలుగు, తొమ్మిది పాయింట్ ఒకటి, ఎనిమిది పాయింట్ ఆరు, ఎనిమిది పాయింట్ ఒకటి, ఏడు పాయింట్ ఏడు, ఏడు పాయింట్ మూడు. పిడికిలివి. రెండో వరస కూడా తొమ్మిది పాయింట్ నాలుగుతోనే మొదలైంది. అక్కడి నుంచి మాత్రం మెట్లెక్కినట్టు పైకే వెళ్ళింది. ఆఖరిది పది పాయింట్ ఎనిమిది.

"ఇవి నేను నిజంగా కొలిచినవి" అంది. "చీటీ రాసే ముందు మిషన్‌లో మీ అంకె తెరిచి చూసి, దానికి దగ్గరగా ఉండేట్టు ఒకటి వేసేదాన్ని."

"చూడకూడదని తెలీదూ?"

"తెలుసు."

"మరి?"

"మొదటిసారి పెట్టె తెరిచినరోజు మీకు గుర్తుందా? ముగ్గురు పిల్లల దగ్గర మన కొలతలు కలవలేదు. 'ఇంట్లో తెగనిది ఇక్కడికి తెచ్చుకున్నారు' అని అందరూ నవ్వారు. మీరు నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఉప్పు డబ్బా కావాలన్నా మీ అబ్బాయితో చెప్పించారు."

గుర్తులేకేం. ఐదు రోజులు. చివరి రోజున జలుబు చేసి గొంతు పోయింది కాబట్టి తను దాన్ని లెక్కలో వేసుకోలేదు.

"నా మొహం చూసి పాప కొలత రాశావా?" అన్నాను. "నా మొహం చూసి కూరలో ఉప్పేసుకో, నాకేం అభ్యంతరం లేదు. కోతకెళ్ళే పిల్ల కొలత మారుస్తావా? ఇదేనా నేను నీకు నేర్పిన పని?"

"మీరు నేర్పారు కాబట్టేనత్తయ్యా. మీ చెయ్యి తప్పు అని నాకు తట్టలేదు. నా చెయ్యే ఇంకా కుదురుకోలేదనుకున్నాను. మీకు దగ్గరగా రాస్తే నిజానికి దగ్గరగా రాసినట్టే అనుకున్నాను." ఆమె కళ్ళు నిండాయి గానీ మాట ఆగలేదు. "ఇవాళ ఆవిడ సంతకం పెడుతుంటే చూశాను. ఇంక నా వల్ల కాలేదు."

"నీ చెయ్యే కుదురుకోలేదు" అన్నాను. "ఆ రెండో వరస చెరిపేసుకో. పద, నీ కళ్ళముందే కొలిచి చూపిస్తాను."

ఎంత ధీమాగా నడిచానంటే, తలుపు గడియ తీయడానికి రెండుసార్లు తడబడ్డాననే సంగతి కూడా నాకు పట్టలేదు. గడియ తనే తీసింది.

పిడికిలి కిటికీ పక్క మంచంలో ఉంది. పుట్టిన రోజునే నర్సు వేలు పట్టుకుని గంటసేపు వదలలేదని ఆ పేరు పెట్టారు. అసలు పేరు ఇంకా పెట్టలేదు, ఇంటికెళ్ళాక పెడతారట. పొద్దుటి నుంచి పాలు ఆపేశారు కాబట్టి ఏడ్చి ఏడ్చి, ఏడవడానికి కూడా ఓపిక లేక మూలుగుతోంది. తల్లి పక్కన కూర్చుని, మెడలో వేసుకున్న కొలత టేపుని వేళ్ళకి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. బట్టల కొట్టు నుంచి తిన్నగా వచ్చేసింది, టేపు తీయడం మర్చిపోయింది.

"మళ్ళీ కొలుస్తారా అక్కా?" అంది.

"ఒక్కసారి."

ఆమె పాప గౌను పైకి తీసి, కుడి తొడ నిమిరి, అదేదో చిన్న సంగతన్నట్టు అంది: "మీరు కొలిచినరోజు ఇక్కడ గీత పడుతుందక్కా. సాయంత్రం దాకా పోదు. చిన్నక్క కొలిచినరోజు పడదు. మీరు కాస్త గట్టిగా పట్టి చూస్తారేమో, అందుకే బాగా కనిపిస్తుందేమో అనుకున్నాను. మేమైతే టేపు కింద వేలు పెట్టి మరీ కొలుస్తాం. బిగించి కొలిస్తే నడుం రెండంగుళాలు తగ్గుతుంది, తర్వాత ఆ జాకెట్టు పట్టదు."

నా చేతిలో జెల్ సీసా ఉంది. దాన్ని మెల్లిగా మంచం పక్క బల్ల మీద పెట్టేశాను.

ఇప్పుడు మీకు ఒక సంగతి చెప్పాలి. మా పనిలో అందరికీ తెలిసినదే, తెలిసి కూడా మర్చిపోయేదే. పెద్దవాళ్ళ కండ గట్టిగా ఉంటుంది, ప్రోబ్ కొంచెం ఆనినా చలించదు. పసిపిల్లల తొడ అలా కాదు. చేతి బరువు పడితే చాలు, కండ అణిగిపోయి పల్చగా కనిపిస్తుంది. అందుకే దట్టంగా జెల్ పూసి, ప్రోబ్ ఆ జెల్ మీద తేలుతున్నట్టు పట్టుకోవాలి, చర్మానికి తగలనే కూడదు. నొక్కడానికి బలం అక్కర్లేదు. నొక్కకుండా గాల్లో నిలబెట్టి పట్టుకోవడానికే వేళ్ళలో, మణికట్టులో బలం కావాలి. మా కోడలికి మొదటి రోజు నేర్పింది ఇదే. నా అరచేతి మీద గోరంత జెల్ వేసి, దాని మీద ప్రోబ్ పెట్టించి, "నాకు తగిలిందంటే నువ్వు తప్పు" అన్నాను. ఆ రోజు పదకొండుసార్లు తగిలింది. పన్నెండోసారి తగలలేదు.

నేను కొలవలేదు. వెనక్కి తిరిగి స్కానింగ్ గదికి వచ్చి, మిషన్‌లో దాచిన పిడికిలి బొమ్మలన్నీ తేదీల వరసలో తెరిచాను. కోడలు నా వెనక నిలబడింది.

బొమ్మలో అన్నిటికన్నా పైన ఒక నల్లటి పట్టీ ఉంటుంది. అది జెల్. ప్రోబ్‌కీ చర్మానికీ మధ్య ఎంత ఖాళీ ఉంచామో చెప్పేది అదే. మొదటి వారం నా బొమ్మలో ఆ పట్టీ నిండుగా ఉంది, దాని కింద పాప చర్మం గుండ్రంగా వంపు తిరిగి ఉంది. రెండో వారం పట్టీ కొంచెం సన్నబడింది. మూడో వారం ఇంకొంచెం. ఐదో వారానికి దారమంత మిగిలింది. ఆరో వారం బొమ్మలో పట్టీయే లేదు. చర్మం బల్లలా చదునుగా అణిగిపోయి ఉంది. మా కోడలి బొమ్మలు ఆరూ ఒక్కలాగే ఉన్నాయి, నల్లటి పట్టీ ఎక్కడా చెదరలేదు.

ఆరు వారాల్లో పల్చబడింది పాప కండ కాదు. ఎన్నిసార్లు చూసినా బొమ్మలు అదే చెప్పాయి. తల కొట్టేసినట్టయింది నాకు. మిగతా పిల్లలు రెండు మూడు వారాల్లో ఇళ్ళకి వెళ్ళిపోతారు, ఎవరిలోనూ ఈ తగ్గుదల కనిపించే వ్యవధి లేదు. ఆరు వారాలు ఒకే చేతి కింద పడింది ఈ ఒక్కతే.

"టైమెంతయింది?" అన్నాను.

"పదీ ముప్ఫై ఐదు."

మా పిల్లల డాక్టరు గారికి వార్డంతా పెట్టుకున్న పేరు నిదానం. ఆయన నడకా నిదానమే, మాటా నిదానమే. "తొందరేం లేదు" అనేది ఆయన ఊతపదం. ఆయన గదిలోకి వెళ్ళి, కుర్చీ చూపించినా కూర్చోకుండా, కుండ బద్దలు కొట్టినట్టు చెప్పేశాను. నేను నొక్కి కొలిచానని చెప్పాను. నా కోడలు నా అంకె చూసి రాసిందని చెప్పాను. ఆ రెండోదానికి కూడా కారణం నేనేనని చెప్పాను. పక్కనుంచి కోడలు "కాదు డాక్టరు గారూ, చూసింది నేను" అని అడ్డొచ్చింది. జన్మలో మొదటిసారి మేమిద్దరం తప్పు నాదంటే నాదని పోట్లాడుకున్నాం.

ఆయన తొందరేం లేదు అనలేదు. చేతిలో ఉన్న కాగితాలు బల్ల మీద పడేసి లేచారు.

"అమ్మా, ఆరు వారాలు మీ కొలత మీద నేను ఆ తల్లితో మాట్లాడాను" అన్నారు నడుస్తూనే. కోప్పడి ఉంటే బాగుండేది. 

ఆయన ముందే కోడలు కొలిచింది. పాప ఆకలితో కాలు ముడుచుకుంటుంటే తల్లి దాని మోకాలు మెల్లిగా పట్టుకుంది. కోడలు జెల్ వెన్నముద్దలా పూసి, ప్రోబ్ తేలించి, మూడుసార్లు కొలిచింది. పది పాయింట్ తొమ్మిది, పది పాయింట్ ఎనిమిది, పది పాయింట్ తొమ్మిది.

"ఇప్పుడు మీరు" అన్నారు డాక్టరు గారు నాతో.

నేను ప్రోబ్ తీసుకున్నాను. ఎప్పుడూ లేంది, ఆ రోజే దాని బరువు తెలిసింది. జెల్ మీద పెట్టిన కాసేపటికే నల్లటి పట్టీ సన్నబడడం మొదలైంది. నేను నొక్కడం లేదు. ఒట్టు, నొక్కడం లేదు. చెయ్యి దానంతటది దిగిపోతోంది. అప్పుడు కోడలు ఏమీ అడక్కుండా నా మణికట్టు కింద తన అరచెయ్యి పెట్టి ఎత్తి పట్టుకుంది. పట్టీ మళ్ళీ నిండింది, చర్మం గుండ్రంగా పైకి లేచింది. ఎముక దాకా కొలిచాను. పది పాయింట్ ఎనిమిది.

డాక్టరు గారు తెర వైపు చాలాసేపు చూశారు. తర్వాత పాప కాలు తట్టి చూశారు. "కాళ్ళు ఆడించడం ఆలస్యం కావచ్చు, నెలలు తక్కువ పిల్ల కదా. ఆ సంగతి చూస్తూ ఉందాం. కోత మాత్రం ఆపేస్తున్నాను" అన్నారు. నర్సు వైపు తిరిగి, "పాలు పట్టించండి" అన్నారు.

ఆ మాట పాపకి అర్థమైనట్టే ఇంకోసారి బావురుమంది. తల్లి పాపని ఎత్తుకుని, ఒళ్ళో పెట్టుకుని, పాలిస్తూ గోడ వైపు తిరిగి కూర్చుంది. ఆ వీపుతోనే నేను మాట్లాడాల్సి వచ్చింది.

"మిషన్ అబద్ధం చెప్పదన్నాను నీతో. మిషన్ చెప్పలేదమ్మా, నేను చెప్పాను. తెలియక చెప్పాను. అయినా చెప్పింది నేనే."

పాప గుటకలు వేస్తుంటే ఆమె దాని తల సర్దుకుంది.

"నేనూ ఒకసారి టేపు బిగించి కొలిచి ఒకావిడ గౌను మొత్తం పాడుచేశానక్కా" అంది చివరికి, ఇటు తిరక్కుండానే. "గుడ్డ మళ్ళీ కొని తెచ్చి కుట్టిచ్చాను. గుడ్డ కాబట్టి సరిపోయింది."

తిట్టినా ఇంత తగిలేది కాదు. నేను తలవంచుకుని బయటికి వచ్చేశాను.

గదిలోకి రాగానే కోడలు మళ్ళీ తలుపు వేసింది.

"కూర్చోండత్తయ్యా."

"ఇంకేం మిగిలింది?"

"మీ చెయ్యి."

"వయసు. యాభై రెండు దాటాయి. ఇరవై ఆరేళ్ళు ప్రోబ్ పట్టిన చెయ్యి అలసిపోదా?"

"నెల రోజులుగా ఇంట్లో డబ్బా మూతలన్నీ నేను వదులు చేసి పెడుతున్నాను" అంది. "మీరు తీయలేకపోతున్నారని."

ఆ మూతల కోసం నేను దాన్ని ఎన్ని అన్నానో. పద్ధతి లేదన్నాను, పుట్టింట్లో మూత పెట్టడం నేర్పలేదా అన్నాను, చీమలు పడతాయని మావాడి ముందే కడిగేశాను. అది విని ఊరుకుంది. మర్నాడు మళ్ళీ వదులు చేసి పెట్టింది. నేను మొండితనం అనుకున్నాను. ఇంతకాలం దాని మొండితనం నాకోసమని తెలిసి, నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, కొంచెం.

నా కుడిచెయ్యి తుడిచి, బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి, వెల్లకిలా పెట్టించింది. బొటనవేలి మొదట్లో ఉండే కండ చూసింది. అక్కడ పల్లంగా ఉందని కంటికే తెలుస్తోంది, నేను చూసుకోలేదంతే. తర్వాత ముంజేయి. తర్వాత జబ్బ. తెర నాకు కనిపించకుండా కొంచెం అటు తిప్పుకుంది. నేను ఇటు లాక్కున్నాను.

"చెయ్యి వదులుగా పెట్టండత్తయ్యా. కదిలించకండి."

"నేను కదిలించడం లేదే."

తెర మీద నా కండలో, వాన చినుకులు పడ్డ నీళ్ళలాగా, అక్కడొకటి ఇక్కడొకటి చిన్న చిన్న అదురులు. నాకు తెలియకుండా, నేను చెప్పకుండా, దానంతటది అదురుతోంది. ఇరవై ఆరేళ్ళలో ఇలాంటి బొమ్మ నేను రెండుసార్లు చూశాను. నరాలు కండని వదిలేసుకుంటున్నప్పుడు ఇలా ఉంటుంది. ఆ ఇద్దరూ మొదట్లో చేతి నుంచి వస్తువులు జారిపోతున్నాయనే వచ్చారు. తర్వాత రెండేళ్ళలో వాళ్ళకేమైందో నాకు తెలుసు. కోడలికి కూడా తెలుసు, ఆ బొమ్మలు పెట్టి పాఠం చెప్పింది నేనే.

"ఒక్క చేతికే అయితే నరం ఎక్కడో నలిగి ఉండొచ్చు కదత్తయ్యా" అంది గబగబా. "ఎడమది చూద్దాం. ఎడమది బాగుంటే భయం లేదు."

"ఎడమ చేతికి ఏ ఇబ్బందీ లేదు."

"లేదని చూద్దాం."

ఎడమచెయ్యి బల్ల మీద పెట్టాను. దట్టంగా జెల్ పూసింది. ఒక్కసారి కూడా ప్రోబ్ నా ఒంటికి తగలలేదు. నల్లటి పట్టీ నిండుగా ఉంది, బొమ్మ అద్దంలా స్పష్టంగా ఉంది.

ఇద్దరం తెర వైపు చూశాం. అక్కడా చినుకులే. తను కళ్ళు తిప్పుకుని నా వైపు చూసింది.

డ్రాయరులోంచి ఒక చీటీ తీసి కోడలి ముందు పెట్టి, పెన్ను మూత తీసుకోమని ఇచ్చాను.

"ఏం కనిపించిందో అదే రాయి" అన్నాను. "ఈసారి నా మొహం చూడకు."